సీఎంఆర్ సరుకు పత్రం

ఒక దేశంలో లారీకెక్కిన సరుకు మరో దేశంలో దిగేదాకా దాని వెంట ఉండే రవాణా పత్రాన్ని సీఎంఆర్ అంటారు. 1956 మే 19న జెనీవాలో కుదిరిన అంతర్జాతీయ రోడ్డు రవాణా ఒప్పందానికి ఫ్రెంచిలో వాడే పొడి అక్షరాలే పత్రానికీ పేరయ్యాయి.

ఐరోపాలో రైలు సరుకుకు 1890 నాటి బెర్న్ ఒప్పందం నుంచే ఉమ్మడి నియమాలున్నాయి. రోడ్డుకు అలాంటివి లేవు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సరిహద్దులు దాటే లారీలు పెరిగాయి. దారిలో సరుకు పోయినా పాడైనా ఏ దేశ చట్టం ప్రకారం పరిహారం అడగాలన్నది చిక్కుగా మారింది. ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘం ఆధ్వర్యంలో తయారైన ఒప్పందం 1961 జూలై 2న అమల్లోకి వచ్చింది. నేడు యాభైకి పైగా దేశాలు ఇందులో ఉన్నాయి. సరుకు ఎక్కే దేశం, దిగే దేశం రెంటిలో ఒక్కటి సభ్యదేశమైనా చాలు, ఈ నియమాలు వర్తిస్తాయి.

అప్పటి రైలు నియమాల్లో పత్రం లేనిదే రవాణా ఒప్పందం కుదిరినట్టు కాదు. జెనీవాలో ఆ పద్ధతిని వదిలేశారు. పత్రం రాయకపోయినా, రాసినదాంట్లో లోపమున్నా, అది పోయినా ఒప్పందం చెల్లుతుంది. ఒకటి రెండు లారీల యజమానులు కూడా నడిపే రంగానికి ఇది తగిన నిర్ణయమే. పత్రం ఒప్పందానికి సాక్ష్యం మాత్రమే. ఓడ రవాణాలోని బిల్ ఆఫ్ లేడింగ్‌లా చేతులు మార్చి సరుకును అమ్ముకోవడానికి ఇది పనికిరాదు.

సాక్ష్యంగా మాత్రం దీని బలం పెద్దది. లోడింగ్ దగ్గర పెట్టెల లెక్క, వాటి మీది గుర్తులు, పైకి కనిపించే స్థితి సరిచూడడం రవాణాదారు బాధ్యత. అంతర్జాతీయ రోడ్డు రవాణా సమాఖ్య నమూనా పత్రంలో 18వ గడి ఇందుకే ఉంది. అట్టపెట్టెలు తడిసి ఉంటే డ్రైవరు ఆ మాట, కారణంతో సహా, అక్కడ రాయాలి. రాయకపోతే, కాదని రుజువు చూపేదాకా సరుకు బాగున్నట్టే లెక్క. తొందరలో ఖాళీగా వదిలేసిన ఆ గడి తర్వాత రవాణాదారు మెడకే చుట్టుకుంటుంది. దించుకునేవారికీ ఇలాంటి నియమమే ఉంది: కనిపించే నష్టాన్ని అప్పటికప్పుడే చెప్పాలి, కనిపించనిదాన్ని ఆదివారాలు, సెలవులు మినహా ఏడు రోజుల్లోగా రాసి తెలపాలి.

పంపినవారు, రవాణాదారు సంతకం చేసే అసలు ప్రతులు మూడు. మొదటిది పంపినవారికి, రెండోది సరుకుతో పాటు వెళ్లి అందుకునేవారికి, మూడోది రవాణాదారుకు. వాడుకలో ఇవి వరసగా ఎరుపు, నీలం, ఆకుపచ్చ కాగితాలు. సరుకు దారిలో ఉండగా దాన్ని మరోచోటికి మళ్లించాలంటే పంపినవారు తమ మొదటి ప్రతి మీద కొత్త ఆదేశం రాసి రవాణాదారుకు చూపాలి. రెండో ప్రతి అందుకునేవారి చేతికి చేరితే ఆ హక్కు పోతుంది.

పరిహారానికి మొదట పెట్టిన హద్దు కిలోకు 25 బంగారు ఫ్రాంకులు. ఆ ఫ్రాంకు అంటే 31లో 10 వంతుల గ్రాము బంగారం, స్వచ్ఛత వెయ్యికి 900. 1970లలో బంగారానికి అధికారిక ధర నిలవకపోవడంతో ఈ కొలత కుదుపులకు లోనైంది. 1978 ప్రోటోకాల్ దాని స్థానంలో అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కించే ఎస్‌డీఆర్ అనే విలువ కొలతను తెచ్చి, హద్దును కిలోకు 8.33గా నిర్ణయించింది.

భారతదేశం ఈ ఒప్పందంలో లేదు. ఇక్కడ లారీ రసీదుకు, వ్యాపారుల నోట ఎల్‌ఆర్‌కు, 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ఆధారం. అది 1865 నాటి చట్టం స్థానంలో వచ్చింది. కస్టమ్స్ సీలుతో లారీలు సరిహద్దులు దాటే టీఐఆర్ ఒప్పందంలో మాత్రం భారత్ 2017లో చేరింది. అది కస్టమ్స్ వ్యవహారం, సీఎంఆర్‌కు బదులు కాదు.

సీఎంఆర్ పత్రం ఎలక్ట్రానిక్ రూపంలోనూ చెల్లేలా చేసే అదనపు ప్రోటోకాల్ 2008 ఫిబ్రవరి 20న కుదిరి, 2011 జూన్ 5న అమల్లోకి వచ్చింది. దాన్ని ఆమోదించిన దేశాల మధ్యే ఈ-సీఎంఆర్ చెల్లుతుంది కనుక వాడకం నెమ్మదిగా మొదలైంది. 2017 జనవరిలో తొలిసారి ఒక లారీ ఈ-సీఎంఆర్‌తో స్పెయిన్ నుంచి ఫ్రాన్స్‌కు దాటింది. 2020లో ఐరోపా సమాఖ్య చేసిన నిబంధన, సరుకు వివరాలను ఎలక్ట్రానిక్ రూపంలో ఇస్తే స్వీకరించాల్సిన బాధ్యతను సభ్యదేశాల అధికారులపై పెట్టింది.