పడిశాలకూ ఒక చరిత్ర ఉంది

ఈసారి మేము రాజుల చరిత్ర కాదు, పడిశం చరిత్ర రాస్తున్నాం.

కృష్ణగిరి, ఆదోని, ఎమ్మిగనూరు పక్క వానలు మొదలైతే దగ్గు, జ్వరం వస్తాయని మన పెద్దోళ్లకు తెలుసు. కానీ అవన్నీ ఒకే జబ్బు కాదు. ఫ్లూ వేరు, చంటిపిల్లల ఊపిరితిత్తులను పట్టే ఆర్ఎస్‌వీ వేరు, మామూలు జలుబు తెచ్చే రైనోవైరస్ వేరు. ఒకటి ఊరిని పట్టితే ఇంకొకటి వచ్చే కాలం మారిపోవచ్చు.

1918లో ఫ్లూ జూన్‌లో బొంబాయిలో కనబడి, సెప్టెంబర్ నుంచి ఇంకా ఘోరంగా తిరగబడింది. రైళ్ల వెంట పాకి దేశంలో కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది. అప్పట్లో బళ్లారి జిల్లాలో ఉన్న మన ఆదోని బొంబాయి-మద్రాసు రైలు దారి మీదే ఉంది. అయితే మనుషుల ఫ్లూ వైరస్‌ను కనుక్కున్నది 1933లో. అందుకే ఏ దగ్గు ఏ వైరస్‌దో ఆనాడు చెప్పగలిగినోళ్లు లేరు.

2009 నాటికి పరీక్షలు వచ్చినాయి. ఆ మే నెలలో స్వైన్ ఫ్లూ మన దేశంలో మొదట హైదరాబాద్‌లో తేలింది. అదే ఏడు ఫ్రాన్స్, స్వీడన్ దేశాల్లో ఒక వింత చూసినారు. బళ్లు తెరిచినాక రైనోవైరస్ జలుబు పెరిగింది, స్వైన్ ఫ్లూ అనుకున్నదానికంటే ఆలస్యమైంది. శాస్త్రవేత్తలు చెప్పే కారణం ఏందంటే, ఒక వైరస్ ముక్కులో చేరగానే ఒళ్లు ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని వదులుతుంది. అది కొన్ని రోజులు కాపలా కాసి ఇంకో వైరస్‌ను కూడా అడ్డుకుంటుంది. చానామందికి ఒకేసారి జలుబు ఉంటే ఫ్లూకు దారి దొరకదు.

2020 ఏప్రిల్‌లో కరోనా కేసులు రాష్ట్రంలో ఎక్కువగా మన కర్నూలు జిల్లాలోనే ఉండేవి. ఆ ఏడు ప్రపంచమంతా ఫ్లూ దాదాపు మాయమైంది. మాస్కులు, ఆగిన ప్రయాణాలు దానికి పెద్ద కారణం. యమగాటా అనే ఒక రకం ఫ్లూ అయితే 2020 మార్చి తర్వాత మళ్లీ కనబడనేలేదు. ఆర్ఎస్‌వీ మాత్రం ఊరుకోలేదు. అమెరికాలో చలికాలంలో రావలసింది 2021 ఎండాకాలంలో వచ్చింది. ఏడాది పాటు దాన్ని చూడని పసిపిల్లలు ఎక్కువ మంది ఉన్నారు మరి.

ఇది మనకెందుకంటే, సుగ్గికి పోయిన అమ్మానాయినలు చంటిబిడ్డలతో తిరిగొస్తారు. "ఇది జబ్బుల కాలం కాదులే" అని ఊరుకుంటే ప్రమాదం. బిడ్డ ఎగశ్వాస తీస్తున్నా, డొక్కలు లోపలికి పోతున్నా, పాలు తాగకున్నా ఏ నెలైనా సరే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాల.

ఇంకొక పని కూడా చేద్దాం. సెలవులకు పోయినప్పుడు ఏ ఏడు, ఏ నెలలో తండాను దగ్గు పట్టిందో అవ్వలను, ఆశా అక్కలను అడిగి రాసి పెడదాం. అది కూడా మన చరిత్రే.