గుంటూరొచ్చిన వాల్తేరు

ఇల్లు మారడం అంటే ఏమిటి అని మగవాళ్లను అడిగితే లారీ బాడుగ ఎంతయిందో చెబుతారు. అసలు సంగతి ఆడవాళ్లను అడగాలి. ఆవకాయ జాడీ ఒళ్లో పెట్టుకుని, దేవుడి పటాలు చీరల మధ్య సర్ది, తులసి మొక్కను మట్టితో సహా పెళ్లగించి, కొత్త ఇంట్లో పొయ్యి వెలిగి పాలు పొంగేదాకా మనసు మనసులో ఉండదు. నాలుగు గదుల కొంపకే ఇంత హైరానా అయితే, ఒక విశ్వవిద్యాలయమే మూటాముల్లె సర్దుకోవలసి వస్తే?

మొన్న వేసవిలో తర్లుపాడులో మా పాత ఇంటి అటక దులిపిస్తుంటే ఈ ఆలోచన వచ్చింది. అటక మీంచి ఒక రేకు పెట్టె దిగింది. ఆకుపచ్చ రంగు పెచ్చులూడి, అంచులు తుప్పు పట్టి ఉంది. మూతమీద తెల్లరంగుతో రాసిన 'వాల్తేరు' అన్న మాటను అడ్డంగా కొట్టేసి, దాని కింద 'గుంటూరు' అని రాశారు. అది మా చిన్నతాత పెట్టె. చిన్నతాత అంటే మా అవ్వకు తమ్ముడు.

ఆ కొట్టివేత వెనక ఒక కథ ఉంది. మా ఇంటి కథ కొంచెం, దేశం కథ ఎక్కువ.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడలో పుట్టింది. మొదటి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు. అప్పటి వైస్ ఛాన్సలర్‌ని అలాగే అనేవారు. 1930లో అది వాల్తేరు మెరకమీద, సముద్రం కనిపించే చోటికి కాపురం మార్చింది. అదే ఏడు ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. ప్రభుత్వం సత్యాగ్రహుల మీద సాగించిన దమనకాండకు నిరసనగా రెడ్డిగారు పదవికి రాజీనామా ఇచ్చేశారు. ఆయన తర్వాత 1931 నుంచి 1936 దాకా సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు ఆ కుర్చీలో ఉన్నారు. 1936లో రెడ్డిగారు మళ్లీ వచ్చారు. ఈసారి 1949 దాకా కదల్లేదు.

అప్పటికి ఆ కాపురం బాగా కుదురుకుంటోంది. జయపురం మహారాజు విక్రమదేవ వర్మగారు ఏటా లక్ష రూపాయలు ఇచ్చే ఏర్పాటు చేయడంతో సైన్సు కళాశాల నిలదొక్కుకుంది. 1933 నుంచీ టి.ఆర్. శేషాద్రిగారు రసాయనశాస్త్ర పరిశోధన శాలను కూర్చుకుంటూ వస్తున్నారు. మొక్కల్లోని, పూలల్లోని రంగులకు కారణమైన పదార్థాలను వెలికి తీయడం ఆయన పని. గాజు గొట్టాలూ, గాజు బుడ్లూ, త్రాసులూ అన్నీ ఒక్కొక్కటిగా సమకూర్చుకున్నవే. మన వంటింట్లో సామాను చేరినట్టే అనుకోండి.

ఇంతలో యుద్ధం వచ్చింది. మొదట్లో అది ఎక్కడో యూరపులోది. 1942 మార్చిలో రంగూన్ జపాను చేతికి చిక్కేసరికి మన గుమ్మంలోకి వచ్చేసింది. బర్మాలో బతుకుతున్న తెలుగువాళ్లు వేలకు వేలు, దొరికిన ఓడలెక్కి కొందరూ, అడవులవెంట నడిచి కొందరూ తిరిగొచ్చారు. బర్మా బియ్యం ఆగిపోయింది. కిరసనాయిలుకు కరువు, గుడ్డకు కరువు, కాగితానికి కరువు.

ఏప్రిల్ 6, సోమవారం నాడు జపాను విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. బంగాళాఖాతంలో నిలిచిన విమాన వాహక నౌక మీంచి లేచి వచ్చిన విమానాలవి. మద్రాసు సైతం గడగడలాడింది. హైకోర్టు కోయంబత్తూరు పోయింది. ఆఫీసులు లోపలి జిల్లాలకు పోయాయి. బోనులు పగిలి ఊరిమీద పడతాయేమోనని జంతుప్రదర్శనశాలలో పులులనూ సింహాలనూ కాల్చేశారు. పాపం, వాటికి ఏ జపాను తెలుసు?

వాల్తేరులో భవనాలను సైన్యం తీసుకుంది. విశ్వవిద్యాలయం ఖాళీ చేయాలి. ఎక్కడికి? దాదాపు 380 కిలోమీటర్ల దూరంలోని గుంటూరికి.

పెళ్లీ సంసారం లేని రెడ్డిగారి నెత్తిన ఇంత పెద్ద సంసారం మార్చే పని పడింది! పుస్తకాలు, బల్లలు, గాజు సామాను, ఆచార్యులు, వాళ్ల భార్యాబిడ్డలు. సైన్యం కదలికల మధ్య రైళ్లు దొరకని రోజులు. ఏ గాజు గొట్టం పగిలితే మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియని కాలం. ఈ వలసలో రాజుగారి సొమ్మూ ప్రభుత్వ కాగితాలూ మాత్రమే పనిచేశాయంటే నేను నమ్మను. చాప చుట్టి, పిల్లను చంకనేసుకుని, ముక్కూమొహం తెలియని ఊళ్లో అద్దెగది చూసుకుని పొయ్యి రాజేసిన ఆచార్యుల భార్యలు ఎందరో! వాళ్ల పేర్లు చరిత్రకెక్కలేదు.

ఇలా బడి మోసుకుపోవడం ఆ రోజుల్లో మనకొక్కరికే వచ్చిన కష్టం కాదు. చైనాలో మూడు విశ్వవిద్యాలయాలు జపానుకు దొరక్కుండా దేశానికి ఆ మూలనున్న కున్‌మింగ్ చేరాయి. 1938లో రెండు మూడు వందలమంది విద్యార్థులూ, కొందరు ఆచార్యులూ సుమారు 1,600 కిలోమీటర్లు చాలావరకు కాలినడకన పోయారు. లండన్‌లోని ప్రసిద్ధ ఆర్థికశాస్త్ర కళాశాల కేంబ్రిడ్జిలో తలదాచుకుంది.

ఇక మా ఇంటి సంగతి. బాంబులు పడ్డాక చిన్నతాత ఆ రేకు పెట్టెతో తర్లుపాడు స్టేషన్లో దిగాడు. అప్పటికి మా ఊరు కర్నూలు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడ్డాక అటు మారాం. మా అవ్వకు అప్పటికి ఇరవయ్యేళ్లు, చంకలో మా పెదనాన్న. పుట్టిల్లు తర్లుపాడు నుంచి బండిదారిలో ఉన్న పల్లె. కొడుకును తీసుకుపోదామని వాళ్ల నాయన బండి కట్టుకుని వచ్చాడు.

"చదివింది చాల్లే. బాంబులు పడే ఊళ్లో చదువేంది? ఇంటికొచ్చి సేద్యం చూసుకో" అన్నాడట.

చిన్నతాత నోరెత్తలేదు. బడి గుంటూరు వస్తుందన్న కబురు తెలిశాక కూడా నాయనకు చెప్పే ధైర్యం లేకపోయింది. చెప్పింది మా అవ్వ.

"అంత పెద్ద బడే మూటాముల్లె సర్దుకోని గుంటూరికొచ్చిందంట నాయనా. వీడు తర్లుపాటి నుంచి గుంటూరుకు పోలేడా?"

నిజమే. మా స్టేషన్లో ఎక్కితే మార్కాపురం రోడ్డు, దొనకొండ, వినుకొండ, నరసరావుపేట మీదుగా గుంటూరు. అప్పటికది మీటర్ గేజి బండి. వాల్తేరంటే పరాయి దేశంలా ఉండేది, గుంటూరు మన రైలు కట్టమీద ఊరు. అయితే యుద్ధం ఆ కట్టమీద కూడా ఉంది. దొనకొండలో తెల్లవాళ్లు ఆ యుద్ధకాలంలోనే విమానాలు దిగే మైదానం కట్టారు. యుద్ధానికి దూరంగా పోదామనుకున్నవాళ్లకు కిటికీలోంచి యుద్ధమే కనిపించేది.

పెట్టెమీద మాట కొట్టేసి, కొత్త మాట రాసింది మా అవ్వే. ఐదో తరగతి దాకా చదివిన అక్షరాలు అవి.

అంతటితో కథ సుఖంగా ముగిస్తే బాగుండేది. ఆగస్టు వచ్చింది, క్విట్ ఇండియా వచ్చింది. 12వ తేదీన గుంటూరికి పక్కనున్న తెనాలిలో రైల్వే స్టేషన్ తగలబడింది. పోలీసు కాల్పుల్లో ఏడుగురు ప్రాణాలు పోయాయి. చదువులు మానుకుని రమ్మన్నారు విద్యార్థులను. చిన్నతాత గదిలో ఉండే స్నేహితుడు వెళ్లాడు, జైలు చూశాడు.

చిన్నతాత అక్కకు ఉత్తరం రాశాడు: క్లాసుకు పోతే తోటివాళ్లు పిరికివాడంటున్నారు, పోకపోతే నాయన ముఖం ఎట్లా చూడాలి, నువ్వే చెప్పు అక్కా అని. అవ్వ కార్డు ముక్కమీద జవాబు రాసింది. ఆమె పోయేదాకా మాకు ఆ ముక్క అప్పజెబుతూనే ఉండేది. "నీ మనసుకు ఏది సరనిపిస్తే అది చెయ్యి. ఏది చేసినా సగంలో వదలబాకు."

చిన్నతాత క్లాసుకే పోయాడు.

ఇక్కడ నాకు రెడ్డిగారు గుర్తొస్తారు. 1930లో దమనకాండ చూసి కుర్చీ వదిలేసిన మనిషి, 1942లో అంతకన్నా పెద్ద దమనకాండ జరుగుతుంటే ఎందుకు వదల్లేదు? ఈ ప్రశ్న నేను చాలాసార్లు వేసుకున్నాను. రాజీనామా గొప్ప పనే, కాదనను. కానీ 1930లో ఆయన వదిలి వెళ్లింది సొంత గూడున్న బడిని. 1942 నాటికి ఆ బడికి గూడు లేదు. చేతిలో బిడ్డతో దారిలో ఉన్న తల్లి, కోపమొచ్చిందని బిడ్డను దించి పోగలదా? నాకు తోచిన సమాధానం ఇదీ. మీకు తోచకపోతే కోప్పడను.

అదే ఆగస్టులో కాశీలో ఇంకో చిత్రం జరిగింది. ఒకప్పుడు వాల్తేరు కుర్చీలో కూర్చున్న రాధాకృష్ణన్‌గారు అప్పుడు కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులు. విద్యార్థుల ఉద్యమం మీద కోపంతో గవర్నరు ఆ ఆవరణను యుద్ధపు ఆస్పత్రి చేసేస్తానన్నాడు. ఈయన హుటాహుటిన ఢిల్లీ వెళ్లి వైస్రాయికి నచ్చజెప్పి ఆపించారు. ఒకరు ఇల్లు ఖాళీ కాకుండా నిలుపుకున్నారు, ఇంకొకరు ఖాళీ చేసి పరాయి ఊళ్లో పొయ్యి వెలిగించారు. పొయ్యి ఆరకుండా చూడటమే ఇద్దరి తాపత్రయమూ.

రెడ్డిగారు విద్యార్థిగా ఉన్నప్పుడే 'ముసలమ్మ మరణము' కావ్యం రాశారు. చెరువు కట్ట తెగి ఊరు మునగబోతుంటే ప్రాణమిచ్చి ఊరిని కాపాడిన కోడలి కథ అది. వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకునే కంభం చెరువు పక్కన పెరిగినవాళ్లం, మాకు ఆ కథ వేరే చెప్పక్కర్లేదు. గండి పడ్డచోట ఎవరో ఒకరు నిలబడాలి. నిలబడ్డవాళ్లకు జేజేలు కొట్టేవాళ్లు అప్పుడక్కడ ఉండరు.

1945లో యుద్ధం ముగిసింది. తర్వాత విశ్వవిద్యాలయం తన వాల్తేరు తాను చేరుకుంది. శేషాద్రిగారు 1949లో ఢిల్లీ వెళ్లారు, 1960లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యుడిగా ఎన్నుకుంది. రెడ్డిగారు 1951లో కన్నుమూశారు. గుంటూరికీ ఆ రుచి పోలేదు కాబోలు! 1967లో మా రైలు కట్టమీదే ఉన్న నల్లపాడులో ఆంధ్ర విశ్వవిద్యాలయం శాఖ తెరిచింది. 1976లో అది నాగార్జున విశ్వవిద్యాలయమైంది.

చిన్నతాత హైస్కూళ్లలో లెక్కలు, సైన్సు చెప్పి రిటైరయ్యాడు. జైలుకెళ్లిన స్నేహితుడితో చివరిదాకా మైత్రి చెడలేదు. కానీ ఆగస్టు 15న జెండా పండగలో మాత్రం వెనక వరసలోనే నిలబడేవాడు. చిన్నప్పుడు ఒకసారి అడిగాను, "ముందుకు రావేం తాతా?" అని.

"ఆ ఏడు నేను ప్రాక్టికల్స్ చేశానమ్మా" అన్నాడు.

పక్కనే ఉన్న అవ్వకు కోపమొచ్చింది. "దేశం తెచ్చేవాళ్లు తెచ్చినారు. తెచ్చినాక పిల్లోళ్లకు ఎక్కాలు నేర్పేవాళ్లు వద్దా?" అంది. తాత నవ్వాడే గాని, ముందు వరసకు మాత్రం పోలేదు. ఇద్దరిలో ఎవరిది సరి? ఆ రోజు నాకు అవ్వది సరనిపించింది. ఈ వయసులో తాత వెనక వరస కూడా అర్థమవుతోంది.

పెట్టెను తుడిచి ముందు గదిలో పెట్టాను. కొత్త రంగు వేయిద్దామన్నారు మావారు. వద్దన్నాను. రంగు వేస్తే ఆ కొట్టివేత కనిపించదు.