మంద్రనాదం వెతుకులాటలో

సంగీతం గురించి మన బ్లాగర్లు రాసిన టపాలు చాలానే చదివాను. త్యాగరాజ కీర్తనల మీద, ఘంటసాల పద్యాల మీద, సాలూరి బాణీల మీద ఎంతో శ్రద్ధగా రాసినవి ఉన్నాయి. హౌస్ సంగీతం గురించి తెలుగులో రాసినది మాత్రం నా కంట పడలేదు. యంత్రం కొట్టే డప్పుకు చరిత్ర ఏమిటని నవ్వుకునేవారు ఉండవచ్చు. ఒకప్పుడు నేనూ ఆ కోవలోనివాణ్ణే.

మిస్టర్ ఫింగర్స్ పేరుతో 1986లో వెలువడిన ‘కెన్ యూ ఫీల్ ఇట్’ అనే రికార్డును ఒక రాత్రి మంచి హెడ్‌ఫోన్లలో విన్నాక నా అభిప్రాయం మారింది. అందులో అడుగున ఒక బేస్ నడుస్తుంది. అది చెవిని గద్దించదు. పాట నిలబడడానికి నేల పరిచినట్టు ఉంటుంది, అంతే. అటువంటి నాదాన్ని నా గదిలో నేను పుట్టించగలనా అన్న పంతం నన్ను పట్టుకుంది. అది మూడు నెలలు వదలలేదు. ఆ మూడు నెలలలో నేర్చుకున్న చరిత్రే ఈ టపా.

కథాస్థలం అమెరికాలోని షికాగో నగరం. 1977లో అక్కడ వేర్‌హౌస్ అనే క్లబ్బు తెరుచుకుంది. న్యూయార్కు నుంచి వచ్చిన ఫ్రాంకీ నకుల్స్ అక్కడ రికార్డులు వేసేవారు. ఆడడానికి వచ్చేవారిలో అధికులు నల్లజాతివారు, లాటినోలు, స్వలింగ సంపర్కులు, అంటే బయటి లోకం చోటు ఇవ్వనివారు. 1979 జూలై 12న అదే నగరంలోని కొమిస్కీ పార్కు బేస్‌బాల్ మైదానంలో, ఒక రేడియో వ్యాఖ్యాత పిలుపు మీద, డిస్కో రికార్డులను పెట్టెలో పోసి పేల్చివేశారు. జనం మైదానంలోకి విరుచుకుపడ్డారు. ఆ రోజు జరగవలసిన రెండో ఆట జరగనేలేదు. ఆ తరువాత పెద్ద కంపెనీలు క్రమంగా డిస్కోకు దూరమైనాయి. కానీ ఆడేవాళ్ళు ఆడడం మానలేదు. వారికి కావలసిన పాట బజారులో దొరకనప్పుడు ఆ ఊరి కుర్రాళ్ళే ఇళ్ళలో కూర్చుని తయారు చేసుకున్నారు. వేర్‌హౌస్ పేరులోని ‘హౌస్’ ఆ సంగీతానికి పేరయిందని ఎక్కువమంది చెబుతారు.

వారి చేతికి అందిన పనిముట్లు జపాను కంపెనీ రోలాండ్ తయారు చేసినవి. 1980లో టీఆర్-808, 1983లో టీఆర్-909 అనే డ్రమ్ మెషీన్లు వచ్చాయి. వాటితోపాటు టీబీ-303 అనే చిన్న బేస్ యంత్రం ఉండేది. బేస్ గిటారు వాయించేవాడు లేని లోటు తీర్చడానికని దాన్ని తయారు చేశారు. అది గిటారులా మోగలేదు, కొనేవారు లేరు, 1984లో ఉత్పత్తి ఆగిపోయింది. పాత సరుకు చవకగా దొరకడంతో అది ఈ కుర్రాళ్ళ చేతిలో పడింది. మీటలు అడ్డదిడ్డంగా తిప్పుతూ ఫ్యూచర్ అనే బృందం 1987లో ‘యాసిడ్ ట్రాక్స్’ విడుదల చేసింది. ఒక శాఖకు అదే మూలమయింది. ఇక్కడ మనవాడి సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లోనే ఇదే 303ను, 808ను పెట్టుకుని పది రాగాలను డిస్కో లయలో వాయించి రికార్డు చేశారు. అప్పుడు పట్టించుకున్నవారు లేరు. 2010లో అది మళ్ళీ విడుదలైనప్పుడు లోకం ముక్కున వేలు వేసుకుంది.

అయితే 303 గొంతు కీచుమంటుంది. నేను వెతికిన మంద్రనాదం దారి వేరు. మిస్టర్ ఫింగర్స్ అసలు పేరు లారీ హర్డ్. అంతకుముందు ఆయన బ్యాండ్లలో డ్రమ్ములు వాయించేవారు. ఆ రికార్డుకు వాడినవి జూనో-60 సింథసైజర్, 909 డ్రమ్ మెషీన్. జూనోలో ఒక సౌకర్యం ఉంది. మీట నొక్కిన స్వరానికి సరిగ్గా ఒక స్థాయి కింద మరో స్వరాన్ని అదే జతచేస్తుంది. దాన్ని సబ్ ఆసిలేటర్ అంటారు. మృదంగం ఎడమవైపున తడి రవ్వముద్ద అంటించి నాదాన్ని కిందికి దించడం మనకు తెలుసు. అక్కడ రవ్వ బరువు చేసే పనిని ఇక్కడ విద్యుత్తు చేస్తుంది. ఆపైన ఫిల్టరుతో పై అనుస్వరాలను కోసివేస్తే గరుకుతనం పోయి గుండ్రని నాదం మిగులుతుంది.

ఇది చదివి నేను కూడా లాప్‌టాప్‌లో అదే వరసలో పేర్చాను. నా స్వరం 55 హెర్ట్జ్ దగ్గర ఉంది. ఎంత చేసినా పలుచగానే వినిపించింది. మరికాస్త పెంచాను. అయినా చాలలేదు, ఇంకా పెంచాను. ఆ ఫైలు తీసుకెళ్ళి ఒక మిత్రుని కారులో వినిపిస్తే అద్దాలు గడగడలాడాయి తప్ప పాట లేదు. అతడు మర్యాదస్తుడు, “బాగానే ఉందిరా, కొంచెం తగ్గించు” అన్నాడు.

తప్పు ఎక్కడుందో తెలియడానికి వారం పట్టింది. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. 55తో భాగిస్తే ఒక తరంగం పొడవు 6.2 మీటర్లు, అంటే ఇరవై అడుగులు దాటుతుంది. నా అద్దెగది పొడవు పది అడుగులు. సగం తరంగం అందులో అచ్చంగా ఇమిడిపోతుంది. అటువంటప్పుడు గోడల దగ్గర ఆ స్వరం ఉప్పొంగుతుంది, గది నడిమధ్య దాదాపు మాయమవుతుంది. నా కుర్చీ సరిగ్గా ఆ నడిమధ్యనే ఉంది! లేచి గోడకు ఆనుకుని నిలబడితే నేను మూడు నెలలుగా పోగుచేసిన బేస్ అంతా ఒక్కసారి ఒంటి మీద పడింది.

ఆ తరువాత పద్ధతి మార్చాను. కుర్చీ జరిపి, అసలు రికార్డును, నా ప్రయత్నాన్ని ఒకే చోట కూర్చుని మార్చి మార్చి విన్నాను. అప్పుడు రెండు సంగతులు బోధపడ్డాయి. డ్రమ్ము దెబ్బ, బేస్ స్వరం ఒకే ఇరుకు పౌనఃపున్యాలలో కాపురం చేస్తాయి కనుక ఒకటి మాట్లాడేటప్పుడు రెండోది తగ్గాలి. స్వరాన్ని పొట్టిగా కోసి దెబ్బకూ దెబ్బకూ నడుమ నిలిపితే, శబ్దం పెంచకుండానే లోతు వచ్చింది. రెండోది, బుల్లి స్పీకర్లు 55 హెర్ట్జ్‌ను పలకలేవు. కానీ 110, 165 వద్ద కొద్దిపాటి అనుస్వరాలు మిగిల్చితే లేని మూలస్వరాన్ని మన చెవే పూరించుకుంటుంది. అందుకే ఫిల్టరును పూర్తిగా మూయకూడదు.

చివరికి వచ్చిన నాదం అసలుకు దగ్గరగా ఉంది. మిత్రుడు ఈసారి కారు ఆపకుండా విన్నాడు. కానీ నాకు తృప్తి కలగలేదు. నేను అనుకరించినదానికి ఒక యజమాని ఉన్నాడు. తన రికార్డుల రాయల్టీలు చెల్లించలేదంటూ లారీ హర్డ్, గాయకుడు రాబర్ట్ ఓవెన్స్‌తో కలిసి 2020లో ట్రాక్స్ రికార్డ్స్ మీద దావా వేశారు. 2022లో రాజీ కుదిరి హక్కులు వారికి తిరిగివచ్చాయి. 1986 నాటి పాట మీద తన హక్కు తన చేతికి రావడానికి ముప్పై ఆరేళ్ళు పట్టింది. ఆ ముప్పై ఆరేళ్ళలో ఎన్ని గదులలో ఎంతమంది నాలాగే ఆ నాదాన్ని ఉచితంగా నేర్చుకుని ఉంటారో!

నా ఫైలును ఎక్కడా పెట్టడం లేదు. దానికి బదులు ఆయన రికార్డును కొనుక్కున్నాను. వినదలచినవారు గది నడిమధ్య మాత్రం కూర్చోకండి.