ఇంటి గొంతులను కంప్యూటర్‌లో దాచుకోవడానికి ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

చెన్నైలో తరతరాలుగా ఉంటున్న తెలుగు ఇళ్లలో అటక మీద ఒక పెట్టెడు క్యాసెట్లు ఉండటం మామూలే. తాతయ్య చదివిన పద్యాలు, నానమ్మ పాడిన మంగళహారతులు వాటిలో ఉంటాయి. 2006 నాటి నిర్బంధ తమిళ చట్టం తర్వాత బడికెళ్లిన మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. వారికి ఇంటి తెలుగు అందేది చెవి ద్వారానే. టేపు మాత్రం ఏటికేడు పాడవుతూనే ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ ఎంచుకునే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: శబ్దం ఎక్కడి నుంచి వస్తోంది?

క్యాసెట్టు నుంచి, లేదా ఎదురుగా కూర్చున్న పెద్దవారి నుంచి అయితే ఆడాసిటీ చాలు. 2000లో విడుదలైన ఈ సాఫ్ట్‌వేర్ ఉచితం. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. పెద్దవారి మాటలకు మైకు ఉంటే సరిపోతుంది. క్యాసెట్లకు మాత్రం యూఎస్‌బీ ఆడియో కార్డు కావాలి. రిచీ స్ట్రీట్‌లో కొనేటప్పుడు స్టీరియో లైన్-ఇన్ ఉందా అని అడగండి. చౌకరకం కార్డుల్లో చాలావాటికి మైకు ఇన్‌పుట్ మాత్రమే ఉంటుంది.

కంప్యూటర్‌లోనే మోగుతున్న శబ్దమైతే, విండోస్‌లో ఆడాసిటీ ఆడియో సెటప్‌లో హోస్ట్‌గా ‘వాసపి’ని, రికార్డింగ్ పరికరంగా ‘లూప్‌బ్యాక్’ అని ఉన్నదాన్ని ఎంచుకోండి. మ్యాక్‌లో బ్లాక్‌హోల్ అనే ఉచిత డ్రైవర్ వేసుకోవచ్చు. అయితే శబ్దమంతా దానికే మళ్లిస్తే మీకేమీ వినిపించదు. ఆడియో మిడి సెటప్‌లో ‘మల్టీ-అవుట్‌పుట్’ పరికరం తయారుచేసి స్పీకర్‌నూ అందులో చేర్చాలి.

విదేశంలో ఉన్న పెద్దవారితో వీడియో కాల్ అయితే లూప్‌బ్యాక్ చాలదు. అందులో అవతలివారి గొంతే పడుతుంది, మీ ప్రశ్నలు పడవు. ఇందుకు ఓబీఎస్ స్టూడియో మేలు. ఇదీ ఉచితమే. దీని అడ్వాన్స్‌డ్ ఆడియో సెట్టింగుల్లో మైకును ఒక ట్రాకుకు, కంప్యూటర్ శబ్దాన్ని మరో ట్రాకుకు కేటాయించండి. రికార్డింగ్ సెట్టింగుల్లో ఆ రెండు ట్రాకులకూ టిక్ పెట్టండి. అప్పుడు ఒకరి మాటపై ఇంకొకరి మాట పడినా తర్వాత విడదీయవచ్చు. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ప్రతిధ్వని రాదు. రికార్డు చేస్తున్నట్టు అవతలివారికి ముందే చెప్పడం మర్యాద.

ఏది వాడినా ఈ మూడు జాగ్రత్తలు తప్పనిసరి:

1. మీటరు అత్యధికంగా మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూడండి. సున్నాను తాకితే గొంతు చీలిపోతుంది, తర్వాత బాగుచేయలేం.

2. ఆడాసిటీ ప్రాజెక్టు ఫైలుతో సరిపెట్టుకోకండి, వేవ్ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేయండి. 90 నిమిషాల క్యాసెట్టుకు సీడీ నాణ్యతలో సుమారు 950 ఎంబీ పడుతుంది. టేపు రొద తగ్గించడం వంటివి నకలు మీదే చేయండి. బంధువులకు పంపడానికి ఎంపీ3 చాలు.

3. అసలు ఫైలును రెండు చోట్ల దాచండి. ఎవరి గొంతో, ఏ సంవత్సరమో ఫైలు పేరులోనే రాయండి.

అసలు పని మొదలుపెట్టే ముందు ఒక్క నిమిషం రికార్డు చేసి విని చూడండి. క్యాసెట్టును మళ్లీ తిప్పుకోవచ్చు. పెద్దవారి ఓపిక రెండోసారి దొరకకపోవచ్చు.