సీ షార్ప్ గడియ తీయడానికి పద్నాలుగేళ్లు

అనంతపురం జిల్లా యల్లనూరు మండలంలో బుక్కాపురం అనే ఊరుంది. 2014 ఫిబ్రవరి 4న మైక్రోసాఫ్ట్ సీఈఓ అయిన సత్య నాదెళ్ల పుట్టింది హైదరాబాదులోనే అయినా, ఆయన తండ్రి బి.ఎన్. యుగంధర్ సొంతూరు ఇదే. వాన మొహం చాటేసే ఈ సీమలో పుట్టి ఐఏఎస్ అయిన యుగంధర్, కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ కార్యదర్శిగానూ పనిచేశారు. కొడుకు పగ్గాలు పట్టి రెండు నెలలైనా నిండకముందే, ఏప్రిల్ 3న, మైక్రోసాఫ్ట్ తన సీ షార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష కంపైలర్ కోడును అందరి ముందూ పెట్టింది. అది మనవాడి చలవేనని చెప్పుకోవడం మనకు ఇష్టమే. కానీ అందులో నిజం సగమే.

ఈ కంపెనీకి భాషే తొలి సరుకు. 1975లో ఆల్టెయిర్ అనే చిన్న కంప్యూటరు కోసం బిల్ గేట్స్, పాల్ అలెన్ బేసిక్ భాషకు తమ రూపం రాశారు. అది చిల్లులు పొడిచిన కాగితపు టేపు మీద వచ్చేది. ఔత్సాహికులు ఆ టేపుకు నకళ్లు తీసి పంచుకున్నారు. 1976 ఫిబ్రవరి 3 తేదీతో గేట్స్ వాళ్లకు బహిరంగ లేఖ రాశాడు: ఆల్టెయిర్ ఉన్నవాళ్లలో పదిశాతం మంది కూడా బేసిక్ కొనలేదని, ఇది దొంగతనమేనని. రాసినవాడికి ప్రతిఫలం దక్కాలన్న ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కోడు చేయి దాటితే వ్యాపారమే పోతుందన్న భయం మాత్రం తర్వాత దశాబ్దాల పాటు కంపెనీని వదల్లేదు.

2000లో ఆండర్స్ హెయిల్స్‌బర్గ్ సారథ్యంలో సీ షార్ప్ వచ్చింది. మరుసటి ఏడాది డిసెంబరులో ఎక్మా అనే ప్రమాణాల సంస్థ దాన్ని ప్రమాణంగా ఆమోదించింది. అంటే భాష నియమాలు లోకానికి తెలుసు; రాసిన ప్రోగ్రామును యంత్రానికి అందే రూపంలోకి మార్చే అసలు కంపైలర్ మాత్రం తాళంలోనే ఉంది. 2002లో 'రోటర్' పేరుతో ఒక నమూనా కోడు ఇచ్చారు. చదువుకోవచ్చు, వ్యాపారానికి వాడకూడదు. కోడు అందరికీ తెరిచి ఉంచిన లైనక్స్‌ను అప్పటి సీఈఓ స్టీవ్ బామర్ క్యాన్సర్‌తో పోల్చిన కాలమది.

ప్రమాణం ఆమోదం పొందిన 2001లోనే మెక్సికోకు చెందిన మిగెల్ డి ఇకాజా 'మోనో' మొదలుపెట్టాడు. ప్రమాణ పత్రాలు ముందేసుకుని, లైనక్స్‌పై నడిచే సీ షార్ప్ కంపైలర్‌ను ఆయన బృందం సొంతంగా రాసుకుంది. పేటెంట్ల కేసు ఎప్పుడు మీద పడుతుందోనన్న బెంగ మోనో వాడేవాళ్లను వెంటాడింది. ఈ భాష విషయంలో పేటెంట్లతో మీ జోలికి రామని మైక్రోసాఫ్ట్ మాటిచ్చేసరికి 2009 వచ్చింది. ఈ చరిత్రలో నిజంగా తలుపు తట్టింది ఇకాజాయే.

మైక్రోసాఫ్ట్ తన మరో రెండు భాషల్లో ఎఫ్ షార్ప్ కోడును 2010లో, టైప్‌స్క్రిప్ట్‌ను 2012లో బయటపెట్టింది బామర్ హయాంలోనే. ఈలోగా క్లౌడ్ వ్యాపారం లెక్కలు మార్చింది. సర్వర్లను అద్దెకిచ్చే కంపెనీకి వాటిపై విండోస్ నడిచినా లైనక్స్ నడిచినా డబ్బే. ఆ విభాగాన్ని నడిపి పైకొచ్చిన నాదెళ్లకు ఇది బాగా తెలుసు. ఆయన వాటా అక్కడుంది. కానీ 2014 ఏప్రిల్ 3న శాన్‌ఫ్రాన్సిస్కో సభలో, వేదిక మీదే, కోడును విడుదల చేసే బటన్ నొక్కింది హెయిల్స్‌బర్గ్. అదే ఏడాది నవంబరు 12న, సీ షార్ప్ ప్రోగ్రాములను నడిపే డాట్‌నెట్ కోర్ వంతు వచ్చింది. 2016 జూన్‌లో దాని తొలి వెర్షన్ లైనక్స్ మీదా నడిచింది. విండోస్ కొనలేని అనంతపురం విద్యార్థికి ఈ తేదీ పెద్దది.

అన్నీ తెరుచుకోలేదు. చిన్న ఆఫీసుల బిల్లింగు ప్రోగ్రాములెన్నో మైక్రోసాఫ్ట్‌దే అయిన విజువల్ బేసిక్ 6లో రాసినవే. దాన్ని ఆపొద్దని 2005లో ప్రోగ్రామర్లు సంతకాలు చేసి అడిగారు. 2008 ఏప్రిల్‌లో దాని ఎడిటర్‌కు మద్దతు ముగిసింది. 2020లో 1983 నాటి జీడబ్ల్యూ-బేసిక్ కోడును విడుదల చేసినా, విజువల్ బేసిక్ 6ను మాత్రం ముట్టలేదు. ఆ కోడు కూడా ఇవ్వాల్సిందే. దాన్ని నమ్ముకుని ప్రోగ్రాములు రాసినవాళ్లకు కంపెనీ పడ్డ బాకీ అది.