రాతినార: 1898 నాటి బగ్ రిపోర్టు

యూకేలో క్లయింటు సైట్లలో పనిచేసిన మనవాళ్ళకి ఇది అనుభవమే అయ్యుంటుంది. పాత బిల్డింగులో నెట్‌వర్క్ కేబుళ్ళు లాగించే పని పడితే, సీలింగు పలక ఒక్కటి కదపకముందే ఆస్బెస్టాస్ ట్రైనింగు చెయ్యమంటారు. మామూలుగా జనం నెక్స్ట్, నెక్స్ట్ కొట్టేసి, చివర్లో క్విజ్ రాసి, సర్టిఫికెట్టు సేవ్ చేసుకుంటారు. నేను మాత్రం ఒక స్లైడు దగ్గర ఆగిపోయాను. 2000కి ముందు కట్టిన భవనమైతే, లేదని గట్టి ఆధారం దొరికేదాకా ఆస్బెస్టాస్ ఉన్నట్టే లెక్క అని ఉంది అందులో. ఇంత అనుమానపు రూలు ఊరికే పుట్టదు కదా! ఎలా పుట్టిందా అని తవ్వడం మొదలెట్టాను.

తవ్వితే తేలిందేమిటంటే, మొదటి రిపోర్టు 1898 నాటిది. లూసీ డీన్ అనే ఆవిడ బ్రిటన్లో ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు. రాతినార దుమ్ముని మైక్రోస్కోపు కింద పెట్టిస్తే గాజుముక్కల్లా పదునుగా కనిపించిందనీ, గాల్లో తేలుతుంటే ఆరోగ్యానికి చెరుపనీ రాసింది. ఎవరూ పట్టించుకోలేదు. 1906లో మాంటేగ్ మరీ అనే డాక్టరు ప్రభుత్వ కమిటీ ముందు తన పేషెంటు సంగతి చెప్పాడు. రాతినార ఏకే గదిలో పనిచేసిన పదిమందిలో తానొక్కడినే మిగిలానని ఆ మనిషి చెప్పాడట. తర్వాత అతనూ పోయాడు, 33 ఏళ్ళకే. అయినా నష్టపరిహారం ఇవ్వాల్సిన జబ్బుల జాబితాలో ఇది చేరలేదు.

ఇక నెల్లీ కెర్షా. ఇంగ్లండులో రాచ్‌డేల్ అనే ఊళ్ళో టర్నర్ బ్రదర్స్ కంపెనీలో రాతినార వడికేది. జబ్బు ముదిరి 1922లో పని మానేసింది. డాక్టరు రాతినార వల్లేనని రాసిచ్చాడు. కంపెనీ వాదన ఏంటంటే, అసలు అలాంటి జబ్బే లేదు, చట్టంలో లేని జబ్బుకి డబ్బులెలా ఇస్తాం? 1924లో చనిపోయింది, ఆవిడకీ 33 ఏళ్ళే. అంత్యక్రియల ఖర్చు అడిగితే, ఇస్తే ఇదే ఆనవాయితీ అయిపోతుందని ఇవ్వలేదు. ఆవిడ ఊపిరితిత్తుల్ని పరీక్షించిన డాక్టర్ కుక్ 1927లో ఆ జబ్బుకి ఆస్బెస్టోసిస్ అని పేరు పెట్టాడు. పేరు లేకపోతే జబ్బు లేదన్నారు, పేరొచ్చేసరికి మనిషి లేదు.

అప్పుడు ప్రభుత్వం కదిలింది. మెరీవెదర్ అనే మెడికల్ ఇన్‌స్పెక్టరు 363 మంది కార్మికుల్ని పరీక్షిస్తే నాలుగో వంతు మందికి పైగా జబ్బు కనిపించింది. ఇంజనీరు ప్రైస్‌తో కలిసి 1930లో ఇచ్చిన ఆ రిపోర్టులో దుమ్ముని ఎలా అణచాలో వివరంగా ఉంది. నన్ను ఆపేసింది వేరే సంగతి. ప్రమాదం ఏమిటో కార్మికుడికి తెలియజెప్పాలని కూడా అందులో ఉంది! అంటే మనం విసుక్కుంటూ క్లిక్ చేసే ట్రైనింగుకి మూలం అక్కడుంది.

1931లో నిబంధనలొచ్చాయి, 1932 మార్చి నుంచి అమలు. కానీ వాటి స్కోపు చూడాలి మీరు! ఫ్యాక్టరీలో బాగా దుమ్ము రేగే కొన్ని పనులకే వర్తిస్తాయి. ఓడల్లో, బాయిలర్ గదుల్లో పైపులకి రాతినార చుట్టేవాళ్ళు, ఇళ్ళు కట్టేవాళ్ళు, పాతవి కూల్చేవాళ్ళు.. వీళ్ళెవరూ అందులో లేరు. రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్లో లేని యూజర్ కష్టం ఎవరికీ పట్టదని మనకి తెలియనిదేం కాదు. సైన్సు ఆలస్యం కావడం కంటే ఈ స్కోపు గీతే ఎక్కువమందిని చంపిందని నా అభిప్రాయం.

1955లో రిచర్డ్ డాల్ ఊపిరితిత్తుల క్యాన్సరు సంబంధాన్ని అంకెలతో చూపించాడు. అదీ ఆ రాచ్‌డేల్ కార్మికుల లెక్కలతోనే. ఆ పేపరు బయటికి రాకుండా ఆపాలని కంపెనీ చూసింది కూడా. 1960లో దక్షిణాఫ్రికా నుంచి వాగ్నర్ బృందం మీసోథీలియోమా అనే క్యాన్సరు గురించి రాసింది. గని దరిదాపుల్లో ఉన్న పాపానికి కూడా వస్తుందది. పీల్చిన 20 నుంచి 50 ఏళ్ళ తర్వాత బయటపడుతుంది. యూకేలో నీలం, గోధుమ రంగు రకాల్ని 1985లో, తెల్లదాన్ని 1999లో నిషేధించారు. 2000 అన్న గీత అక్కడిది.

మరి చెప్పాల్సిన బాధ్యత? పనివాళ్ళకి సమాచారం, శిక్షణ ఇవ్వడం యజమాని విధి అని పనులన్నిటికీ కలిపి 1974 చట్టం అంది. ఆస్బెస్టాస్ పనికి ప్రత్యేకంగా 1987 నిబంధనలు చెప్పాయి. 1930లో రాసిచ్చిన మాటకి ఇన్నేళ్ళు! ఇప్పుడున్న 2012 నిబంధనల్లో, రాతినార తగిలే అవకాశం ఉన్న ప్రతి ఉద్యోగికీ, అతని సూపర్‌వైజరుకీ శిక్షణ తప్పనిసరి. భవనం చూసుకునేవాడు ఎక్కడెక్కడుందో రాసిపెట్టి, అక్కడ పని చెయ్యబోయేవాళ్ళకి చెప్పి తీరాలి. అన్నట్టు, అవేర్‌నెస్ సర్టిఫికెట్టు ఉంది కదా అని దాన్ని ముట్టుకోకూడదు. ఎప్పుడు ఆగిపోవాలో తెలియడానికే అది.

నలుగురు యజమానుల దగ్గర పనిచేసినవాడికి ఎవరి దుమ్ము వల్ల జబ్బొచ్చింది? లాగ్స్ లేవు, రూట్ కాజ్ తేలదు. కాబట్టి ఎవరిదీ బాధ్యత కాదని కింది కోర్టులన్నాయి. 2002లో ఫెయిర్‌చైల్డ్ కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాన్ని కొట్టేసింది. జాగ్రత్త తీసుకోని యజమానులంతా బాధ్యులేనంది.

ఇక మన సంగతి. పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లిలో తెల్ల రాతినార తవ్వారు. చార్మినార్ రేకులు తెలియని ఇల్లు మన ఊళ్ళలో లేదు. ఆస్బెస్టాస్ కార్మికుల గురించి అహ్మదాబాద్ వినియోగదారుల సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1995 జనవరి 27న తీర్పిచ్చింది. రాసింది మన జస్టిస్ కె. రామస్వామి, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్ళినాయన. కార్మికుడి ఆరోగ్యం జీవించే హక్కులో భాగమన్నారు. ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డూ ఉద్యోగంలో చేరిన నాటి నుంచి 40 ఏళ్ళు, లేదా మానేశాక 15 ఏళ్ళు, ఏది ఆలస్యమైతే అంతవరకూ దాచాలన్నారు. జబ్బు 40 ఏళ్ళకి బయటపడితే రికార్డు పదేళ్ళకే చెరిపేస్తే ఎలా? డేటా రిటెన్షన్ పాలసీ అంటే ఇదీ అనిపించింది నాకు.

అయితే ఆ రికార్డు రాయాల్సింది ఫ్యాక్టరీలు. మండువేసవిలో పాత రేకుని గ్రైండరుతో కోసి, ముక్కుకి తువ్వాలు చుట్టుకుని కొత్తది బిగించే మేస్త్రీకి హాజరు పట్టీయే ఉండదు. తెల్ల రాతినార మన దేశంలో ఇంకా దిగుమతవుతూనే ఉంది, రేకులు అమ్ముతూనే ఉన్నారు. 1931లో బ్రిటన్ గీత బయట వదిలేసింది ఇలాంటివాళ్ళనే.