వంగని మోకాలు



ఎముక విరిగిందంటే మన సరిహద్దు పల్లెల్లో ముందుగా వినిపించే మాట పుత్తూరు కట్టు. కోలారు నుంచీ, వేలూరు నుంచీ బస్సెక్కి వెళ్లి కట్టు కట్టించుకొచ్చినవాళ్లు మనలో ఎందరో. పెద్దాసుపత్రిలో ఆపరేషను చేయించుకుని, కాలిలో కమ్మీ వేయించుకున్నవాళ్లూ ఉన్నారు. కట్టు విప్పిన రోజున అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: "మళ్లీ మునుపటిలా అవుతుందా?" కండ కరిగి పుల్లలా మిగిలిన ఆ కాలిని చూసుకోవడానికే మనసొప్పదు. పంచె కాస్త కిందికి లాక్కుంటాం. కుంటు నడక ఎవరి కంటా పడకూడదని చీకటి పడ్డాక బయటికి వస్తాం.

ఈ "మునుపటిలా" అన్న మాటకు క్రీడల చరిత్రలో మంచి జవాబు ఒకటి ఉంది. అది అమెరికా పరుగుల వనిత బెట్టీ రాబిన్సన్ కథ.

బెట్టీ 1911లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని రివర్‌డేల్‌లో పుట్టింది. ఒకనాడు రైలు తప్పిపోతుందని ఆ పిల్ల పరుగెత్తిన వేగాన్ని బడిలో జీవశాస్త్రం చెప్పే మాస్టారు చూశారు. చూసి ఊరుకోకుండా పరుగు పందేలకు తీసుకువెళ్లారు. ఆమె మొదటి పోటీ 1928 మార్చిలో. అదే ఏడాది జూలై 31న ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో నూరు మీటర్ల పందెం గెలిచింది. పట్టిన సమయం 12.2 సెకన్లు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు పరుగు పందేలు పెట్టడం అదే మొదలు. ఆ తొలి బంగారు పతకం గెలిచేనాటికి ఆమెకు పదహారేళ్లు.

1931 జూన్‌లో ఆమె ఎక్కిన చిన్న విమానం కూలిపోయింది. కాలు విరిగింది, చెయ్యి విరిగింది, స్పృహ లేదు. చనిపోయిందనుకుని శవాల పెట్టెలు చేసేవాడి దగ్గరికి తీసుకువెళ్లారన్న కథ కూడా ప్రచారంలో ఉంది. వైద్యులు ఆపరేషను చేసి, కాలిలో లోహపు ఆధారం అమర్చారు. కొన్ని నెలలు చక్రాల కుర్చీలోనే గడిచాయి. మామూలుగా నడవడానికే రెండేళ్లు పట్టింది. 1932 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ ఆమె లేకుండానే జరిగిపోయాయి.

చివరకు ఆమె మళ్లీ పరుగెత్తగలిగింది. కానీ కాలు పొట్టిదైంది, మోకాలు పూర్తిగా వంగదు. నూరు మీటర్ల పందెంలో మొదట నేలమీద చేతులానించి, మోకాళ్లు వంచి కూర్చోవాలి. తుపాకి మోగగానే ఆ కూర్పు నుంచి ఎగరాలి. ఆ రోజుల్లో కాళ్లు ఆనించుకోవడానికి నేలలో చిన్న గుంతలు తవ్వుకునేవారు. బెట్టీ ఆ గుంతల్లో కాళ్లు పెట్టి వంగలేదు. అంటే, తనకు పేరు తెచ్చిన పందెం ఇక తనది కాదు.

ఇక్కడే మనం నేర్చుకోవలసింది ఉంది. ఆమె వంగని మోకాలితో పోట్లాడుతూ కూర్చోలేదు. ఆ మోకాలితో పరుగెత్తగల చోటు ఎక్కడుందో వెతుక్కుంది. రిలే పందెంలో నలుగురు పరుగెత్తుతారు. మొదటి మనిషే వంగి బయలుదేరాలి. మిగిలిన ముగ్గురూ నిలబడి ఉండగానే వెనుకనుంచి కర్ర అందుకుంటారు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో, ఇరవైనాలుగేళ్ల బెట్టీ అమెరికా జట్టులో మూడో స్థానంలో నిలబడింది. నిలబడే కర్ర అందుకుంది, నిలబడిన చోటునుంచే పరుగు తీసింది.

ఉన్న మాట చెప్పుకోవాలి. ఆనాడు ముందున్నది జర్మనీ జట్టు. చివరి మార్పిడిలో వాళ్ల చేతినుంచి కర్ర జారిపడింది. అమెరికా 46.9 సెకన్లలో గెలిచింది. పతకంలో అదృష్టం పాలు కొంత ఉంది. కానీ ఆ గీత మీద నిలబడటంలో అదృష్టమేమీ లేదు. కర్ర జారకపోయి, పతకం రంగు మారినా ఆమె చేసిన పని చిన్నదయ్యేది కాదు.

ఇది వింటుంటే మీకు "మయూరి" సినిమా గుర్తుకు వచ్చే ఉంటుంది. 1981లో తిరుచిరాపల్లి దగ్గర బస్సు ప్రమాదం తర్వాత సుధాచంద్రన్ ఒక కాలు పోగొట్టుకున్నారు. జైపూర్ కాలు అమర్చుకుని, 1984లో మళ్లీ వేదికెక్కి నాట్యం చేశారు. సింగీతం శ్రీనివాసరావు గారు ఆమె కథను తెలుగులో తీస్తే, ఆ పాత్రను ఆమే ధరించారు. అక్కడా పాత కాలు తిరిగిరాలేదు. కొత్త కాలితో అడుగు వేయడం నేర్చుకున్నారు.

కాబట్టి, కట్టు విప్పించుకున్న అన్నలారా, అక్కలారా! డాక్టరు నడవమన్నాకే నడవండి, పరుగెత్తమన్నాకే పరుగెత్తండి. కానీ నడిచేటప్పుడు పగటి వెలుతురులో, నలుగురిలో నడవండి. "మునుపటిలా అవుతుందా?" అన్న ప్రశ్నను కాస్త పక్కన పెట్టి, "ఈ కాలితో ఏం చేయగలను?" అని అడగండి. మొదటి ప్రశ్నకు జవాబు మన చేతిలో లేదు. రెండోదానికి రోజూ కొంచెం కొంచెంగా జవాబు దొరుకుతుంది.